మూడు జిల్లాలు, మూడు అడ్రస్ బుక్కులు

ఇది రాద్దామా వద్దా అని చాలా రోజులు ఆలోచించాం. తప్పు మాదే, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఆఫీసుల్లో డేటా ఎంట్రీ పనుల్లో చేరుతున్నారు. వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాం.

మేమిద్దరం ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లమే. ఇప్పుడు విలీన మండలాల్లో ఒక ఆఫీసులో అవుట్‌సోర్సింగ్ ఆపరేటర్లం. హాస్టళ్లకి వెళ్లే మెయిళ్లు మా చేతుల మీదుగానే పోతాయి. కంప్యూటర్‌లో ఉన్నది పాత రకం అవుట్‌లుక్. దాంట్లో అడ్రస్ బుక్ ఒకటి కాదు, మూడు.

ఎందుకు మూడంటే, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం 2014 దాకా ఖమ్మం జిల్లా. తర్వాత తూర్పు గోదావరి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. ఊళ్లు అక్కడే ఉన్నాయి, జిల్లా పేరే మారుతూ పోయింది. మారినప్పుడల్లా ఆ సీట్లో ఉన్నవాళ్లు పాత కాంటాక్టులు తీసెయ్యకుండా పక్కన కొత్త ఫోల్డర్ పెట్టుకున్నారు. వాళ్లని తప్పు పట్టలేం, పాత నంబరు ఎప్పుడు అవసరం పడుతుందో ఎవరికి తెలుసు.

పోయినేడు స్కాలర్‌షిప్ రెన్యువల్‌కి పిల్లల వివరాలు పంపమని హాస్టళ్లకి లెటర్ పెట్టాం. సాయంత్రం, కరెంటు పోయేలా ఉంది. హాస్టల్ పేరు మూడు అక్షరాలు కొట్టగానే అడ్రస్ దానంతట అదే వచ్చింది, ఎంటర్ కొట్టేశాం. మెయిల్ తిరిగి రాలేదు. తిరిగి రాలేదంటే చేరిందనే అనుకుంటాం కదా. చేరింది కూడా, ఎవరూ తెరవని పాత మెయిల్‌కి.

గడువు ఇంకా రెండు రోజులుందనగా ఒక తమ్ముడు వచ్చాడు. "అన్నా, మా చెల్లి పేరు లిస్టులో లేదంట, చూస్తారా?" చూస్తే ఆ అమ్మాయి ఒక్కతే కాదు, ఆ హాస్టల్ నుంచి కాగితమే రాలేదు. వార్డెన్ మేడంకి ఫోన్ చేస్తే "నాకే మెయిలూ రాలేదయ్యా" అన్నారు. ఆ రాత్రి మేడం పిల్లల కాగితాలన్నీ ఫోటోలు తీసి, సిగ్నల్ దొరికే గట్టు మీదకెళ్లి పంపారు. మేము తెల్లారేదాకా ఎక్కించాం. ఇద్దరమ్మాయిలవి ఆధార్‌లో పుట్టిన తేదీ తేడా వచ్చి ఆగిపోయాయి. వారం ముందు తెలిసుంటే సరిచేయించేవాళ్లం.

తర్వాత ఆదివారం కూర్చుని చూస్తే విషయం అర్థమైంది. అడ్రస్ బుక్ తెరిచి టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్తే ఏ పుస్తకం ముందు వెతకాలో వరుస ఉంటుంది. మా దాంట్లో ఖమ్మంది పైన ఉంది! పేరు అక్కడ దొరికితే కింది పుస్తకాల దాకా పోదు. అల్లూరి ఫోల్డర్ పైకి తెచ్చాం. పాత రెండూ తీసెయ్యలేదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అడ్రస్ బుక్‌గా చూపించు అనే టిక్కు తీసేశాం. నంబర్లు ఉంటాయి, మెయిల్ పంపేటప్పుడు అడ్డం రావు.

ఇంతా చేశాక కూడా పాత అడ్రసే వస్తోంది. ఇది నాలుగో పుస్తకం అనుకోండి, కంటికి కనబడదు. ఇంతకుముందు కొట్టిన అడ్రసులు అవుట్‌లుక్ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. పేరు పక్కన వచ్చే ఇంటూ గుర్తు నొక్కితే పోతుంది. మమ్మల్ని ముంచింది అసలు ఇదే. గ్రూపులు కూడా చూసుకోండి. కాంటాక్ట్‌లో అడ్రస్ మార్చినా గ్రూపులో పాతదే ఉండిపోతుంది, గ్రూపు తెరిచి అప్‌డేట్ నౌ కొట్టాలి.

ఇంకోటి, వార్డెన్ల పేరుతో సేవ్ చెయ్యడం మానేశాం, వాళ్లకి బదిలీలు అవుతుంటాయి. పైగా మన ఇంటిపేర్లు ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. మడకం అని ఒకరు, మాడ్కం అని ఒకరు, వెతికితే సగం మంది దొరకరు. ఇప్పుడు ఊరి పేరు, హాస్టల్ పేరు, అంతే.

ముఖ్యమైన లెటర్ అయితే పంపాక ఫోన్ చేసి "మేడం, వచ్చిందా?" అని అడుగుతున్నాం. సూపరింటెండెంట్ సార్ నవ్వుతారు, మెయిల్ పెట్టి మళ్లీ ఫోనెందుకని. ఆగిపోయిన ఇద్దరిలో ఆ తమ్ముడి చెల్లి కూడా ఉంది. ఆధార్ సరైంది, ఫైలు ఇంకా తిరుగుతోంది. అతని నంబరు కొత్త ఫోల్డర్‌లో పెట్టుకున్నాం, అవ్వగానే ముందు అతనికే చెప్పాలి.