మా యింటి కార్ఖానా



ఈ పుటలలో వంటకములను గూర్చియు, కుట్టుపనిని గూర్చియు, శిశుపోషణమును గూర్చియు మీరు తఱచు చదువుచుందురు. ఇనుమును కోయు యంత్రమును గూర్చి యొక గృహిణి వ్రాయుట మీకు వింతగా తోపవచ్చును. కాని యా యంత్రము మా వంటయింటికి మూడడుగుల దూరమున, మా యత్తమ్మగారు వడ్లు దాచుకొను గదిలో నున్నది. ఇంటిలోనికి వచ్చిన వస్తువేదైనను దాని బాగోగులు చూడవలసినది యిల్లాలే గదా! కావున మా యనుభవమును మీతో చెప్పుకొనుటకు సాహసించుచున్నాము.

మాకు పుట్టినిల్లు మానుకోట. దానినే మహబూబాబాదు అందురు. మెట్టినిల్లు జనగామ. మా వారు భూపాలపల్లిలో నొక చిన్న కార్ఖానాలో లేతుపని చేయుచుండిరి. బొగ్గుగనులును, చెల్పూరు విద్యుత్కేంద్రమును గల ప్రాంతము గావున యంత్రములు బాగుచేయువారికి పనికి కొదువ యుండదని నమ్మి యచట పదియేండ్లు కాపురముంటిమి. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదిన నీ మూడూళ్లును మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. అంతకు ముందు మూడును వరంగల్లు జిల్లాలోనివే. జిల్లాలు వేఱైనను మా బ్రతుకు మాత్రమీ మూడూళ్ల నడుమనే తిరుగుచు వచ్చినది.

అయిదేండ్ల క్రిందట నా కార్ఖానా మూతవడెను. రావలసిన జీతమును పూర్తిగా రాలేదు. మా వారు పనిముట్ల పెట్టెతోను, మేము చంటిబిడ్డతోను జనగామకు చేరితిమి. హైదరాబాదునకు పోయి యద్దెగదిలో నుండి కూలికి చేరుటయా, ఇంటనే యొక యంత్రము పెట్టుకొని నాలుగు రాళ్లు సంపాదించుకొనుటయా యని పదునైదు దినములు తర్కించితిమి. తుదకు మా నాలుగు బంగారు గాజులను కుదువబెట్టి యొక పాత బల్లలేతును కొంటిమి. పెద్ద కార్ఖానాలలోని లేతులు టన్నులకొలది బరువుండును. మాది నలుగురు పట్టినచో లేచునది. రెండడుగులకు మించిన పొడవు లేనిది. దానికి తోడు చిన్న డ్రిల్లు మిషను, వైసు, ఆకురాళ్లు, రంపము. ఇదియే మా సర్వస్వము.

ఇక దానిని పెట్టుటకు చోటేది? ఇంటిలో మిగిలినది సామాన్ల గది యొక్కటే. వెడల్పు 6 అడుగులు, పొడవు 8 అడుగులు. అందు మా యత్తమ్మగారి వడ్ల గుమ్మి యున్నది. సంగతి చెప్పగానే యామె ముఖము చిన్నబోయినది. "గింజలు పెట్టుకునే అర్రల ఇనుము పెడ్తరా? పోరనికి ఏం తినిపిస్తరు, ఇనుప రజనా?" యని యడిగిరి. ఆ ప్రశ్న త్రోసివేయరానిది. పసివాడు ప్రాకులాడు నింటిలో నినుప రజను చిన్న విషయము కాదు. అందువలన గుమ్మిని వసారాలోనికి మార్చి, క్రింద రాతిదిమ్మలు వేయించి, ఎలుకలు చొరకుండ చుట్టును తడిక కట్టించితిమి. కార్ఖానాలో తొడుగు చెప్పులు గడప దాటి వంటయింటిలోనికి రాకూడదని యానాడే కట్టడి చేసికొంటిమి.

యంత్రము దింపకముందే వాకిట ముగ్గుపిండితో గది కొలతను గీచి, అందు లేతునకు బదులు చెక్కపెట్టెను, డ్రిల్లునకు బదులు బిందెను, వైసునకు బదులు రోటిని పెట్టి చూచితిమి. ఇరుగుపొరుగువారు చూచి నవ్విరి. కాని యా యాటవలన రెండు తప్పులు ముందే బయటపడినవి. మొదట ననుకొన్నట్లు లేతును కిటికీక్రింద పెట్టినచో దాని ప్రక్క మూత తెఱచుటకు చోటుండదు. వైసును లోపలి మూలను పెట్టినచో పొడవైన కడ్డీని కోయుటకు గోడ యడ్డము వచ్చును. అందుచే లేతును పొడుగుపాటి గోడవెంట, వైసును గుమ్మము చెంత నమర్చితిమి. పొడవైన కడ్డీ కోయవలసి వచ్చినపుడు దాని కొన గుమ్మము దాటి వసారాలోనికి వచ్చును. సానరాయిని మాత్రము గదిలో పెట్టలేదు. దానినుండి లేచు రాతిధూళి లేతు పట్టాలపై పడినచో వానిని అరగదీయును. కావున దాని స్థానము పెరటిలో వేపచెట్టు క్రింద.

మన పూర్వులు చెక్కను త్రిప్పి చెక్కు సాధనమును తరిమెన యనెడివారు. ఏటికొప్పాక లక్కబొమ్మ లట్టి దానిపై పుట్టినవే. అందు వస్తువు తిరుగుచుండగా ఉలిని మనిషి చేతితో పట్టుకొనవలెను. 1800వ సంవత్సరప్రాంతమున లండనులో హెన్రీ మాడ్‌స్లే యనునతడు ఉలిని బండివంటి దానిపై బిగించి, మరచీలతో జరుపు లేతును చక్కగా తీర్చిదిద్దెను. అప్పటినుండి చేతివణకు పనిలోనికి దిగుట తగ్గినది. మా చిన్న యంత్రమును ఆ వంశములోనిదే.

మొదటిదినమున మా వారు నాలుగంగుళముల కడ్డీని త్రిప్పి కొలిచిరి. ఒక కొన కంటె రెండవకొన పలుచని కాగితమంత లావుగా నున్నది. మరల త్రిప్పిరి, మరల నంతే. పాత యంత్రము కొని మోసపోతిమని యాయన తల పట్టుకొని కూర్చుండిరి. మా గాజులు గుర్తునకు వచ్చి మాకును గుండె జారినది. మఱునాడు రసమట్టము నెరవు తెచ్చి లేతు రెండు చివరలను పెట్టి చూడగా, ఒకచోట బుడగ నడుమ నిలిచినది, రెండవచోట ప్రక్కకు తొలగినది. దోషము యంత్రమున లేదు. చెక్కబల్ల కాలొకటి కుఱుచై, దానిపై బిగించిన లేతు సన్నగా మెలివడినది. తడిగుడ్డను పిండినట్లు ఇనుము గూడ మెలివడునని మే మంతవఱ కెఱుగము. చెక్కబల్లను తీసివేసి మేస్త్రిచేత గోడకు చేర్చి సిమెంటుదిమ్మ కట్టించితిమి. అయినను వెండ్రుకవాసి తేడా మిగిలెను. దానికి పలుచని రేకు కావలెను.

రేకనగానే పెంబర్తి గుర్తునకు వచ్చినది. జనగామ ప్రక్కనే, హైదరాబాదు త్రోవలో నున్న యా గ్రామము ఇత్తడి, కంచు రేకుపనికి ప్రసిద్ధము. కాకతీయుల కాలమున దేవరథములకు తొడుగులు చేసిన విద్య యది. నిజాముల కాలమున అత్తరుదానులు, పాన్‌దానులు చేసి బ్రతికినది. నేడు భౌగోళిక గుర్తింపును పొందినది. అచట పనివాండ్ర యిండ్లలో మేము చూచినది మఱపురానిది. లక్క కరగించి పఱచి, దానిపై రేకును అంటించి, సన్నని ఉలులతో కొట్టుచు పువ్వులు లేపుచుందురు. క్రింద లక్క మెత్తగా నుండుటచే రేకు చినుగదు. మఠమువేసి కూర్చున్న మనిషి చేయి చాచినంత మేరయే యాతని కార్ఖానా. సుత్తి యొకచోట, ఉలు లొకచోట. కన్ను మూసి తీసినను చేతికి తగులును. చోటు చాలదని మేము పడిన బెంగ యచట కొంత తీరినది. ఒక పెద్దాయన కత్తిరించి పాఱవేసిన యిత్తడి రేకుముక్కలను గుప్పెడిచ్చి డబ్బు పుచ్చుకొనలేదు. వానిలో నొక ముక్కను లేతు కాలిక్రింద దూర్చి బిగించి, మరల కడ్డీ త్రిప్పి, మూడవసారికి రెండు కొనలను సమానము చేసితిమి. ఆ ముక్క నేటికిని ఆ కాలిక్రిందనే యున్నది.

పని మెల్లగా రాజొచ్చెను. పంపుసెట్ల బుష్షులు, కుట్టుమిషను చక్రములు, మానుకోటనుండి మా యన్నయ్య తెచ్చు మిరపతోటల మందుపంపుల పిన్నులు. మా వారొక్కరివలన కాకపోయెను. మేమును నేర్చుకొందుమంటిమి. ఆయన యొప్పుకొనిరి గాని యొక నియమము పెట్టిరి: యంత్రమునొద్ద చేతులకు గాజులుండరాదు. అత్తమ్మగారు మండిపడిరి. ముత్తైదువ చేతులు బోసిగా నుండుట యామెకు సరిపడదు. బంగారుగాజులు ముందే పోయినవి. మట్టిగాజులును తీయుటయా యని మా మనస్సునకును కష్టముగానే యుండెను. నెలదినము లా మాట యెవరును ఎత్తలేదు.

ఒకనాడు మా వారు తిరుగుచున్న కడ్డీని గుడ్డపేలికతో తుడువబోయిరి. ఱెప్పపాటున నా పేలిక చేతినుండి జాఱి కడ్డీకి చుట్టుకొని ముద్దయైనది. దానిని గట్టిగ పట్టుకొని యున్నచో వ్రేళ్లును దానివెంటనే పోయెడివి. గుమ్మములో నిలిచి అత్తమ్మగా రదంతయు చూచిరి. ఆ రాత్రి మమ్ము పిలిచి, "నేను ఆసు పోసి పోసి భుజం పోగొట్టుకున్న. అప్పుడు నా చెయ్యి సంగతి ఎవ్వలన్న అడిగిన్రా? చెయ్యి మంచిగుంటెనే గద బిడ్డా గాజులు! తీసి నా దగ్గర పెట్టు. పని అయినంక నేనే తొడుగుత" ననిరి.

అత్తమ్మగారి పుట్టినిల్లు ఆలేరు దగ్గఱి నేతపల్లె. చీరకు రంగులద్దకముందు పేకనూలును అర్ధచంద్రాకారముగ నున్న కొయ్యమేకుల చుట్టును పోయుటను ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు 9,000 సారులు చేయి పైకి క్రిందికి ఆడవలెను. దినమునకు రెండు చీరలనిన 18,000 సారులు. ఆ పని యెక్కువగ స్త్రీలదే. ఆలేరు మండలములోని శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశముగారు తల్లి లక్ష్మిగారు భుజమునొప్పితో బాధపడుట చూడలేక, ఆఱవతరగతిలో చదువు మానినవారైనను, ఏండ్లతరబడి కష్టపడి 1999లో ఆసు పోయు యంత్రమును సిద్ధపఱచిరి. చేతితో నైదాఱు గంటలు పట్టు పని గంటన్నరలో తీరినది. దానికి తల్లిపేరే పెట్టిరి. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రము వచ్చునాటికే మా యత్తమ్మగారి భుజము చెడిపోయి యుండెను. చేతిని కాపాడు మాట యామె నోట వచ్చినపుడు మేము మఱుపలుకక గాజులు తీసి యిచ్చితిమి.

నాడు మొదలు పాటించు పద్ధతులను వ్రాయుచున్నాము. కుట్టుమిషను మోటారు గల యింటనైనను కొన్ని పనికివచ్చును. కొంగు నడుమున బిగించి, పైన మా వారి పాత చొక్కా మెడవఱకు గుండీలు పెట్టి తొడుగుదుము. పుస్తెలతాడు దాని లోపల. చేతులు మోచేతివఱకు మడచుదుము. జడను ముడివేసి గుడ్డ కట్టుదుము. కన్నులకు అద్దములు తప్పవు. లేతునొద్ద చేతిజోళ్లు తొడుగరాదు. జోడు చిక్కుకొన్న చేయియు పోవును. చక్కు బిగించిన తాళపుచెవిని ఒక్క నిమేషమైనను అందు విడువరాదు. యంత్రము తిరుగగానే యది రాయివలె ఎగురును. రజనును చేతితో కాక బ్రష్షుతో ఊడ్చి, మిగిలినదానిని గుడ్డలో చుట్టిన అయస్కాంతముతో నెత్తవలెను. తీగకు ఎర్తు తప్పక యుండవలెను. ఆపు మీట చేతి కందవలెను. పని కాగానే ప్లగ్గు తీసి గదికి తాళము వేయుదుము. వానకాలమున ప్రతిరాత్రియు పట్టాలకు నూనె పూయుదుము. ఒక్కనాడు మఱచినను తుప్పు మఱునాడే పలుకరించును. మధ్యాహ్నము ఇరుగుపొరుగు విశ్రమించు వేళను, రాత్రి భోజనముల తరువాతను యంత్రము త్రిప్పము.

నాట్ల వేళ నొకనా డొక రైతు అరిగిన పంపు బుష్షుతో వచ్చెను. మా వారు మానుకోటకు పోయి యుండిరి. మడికి నీరందకున్న నారు ముదురునని యాతడు వాకిటనే కూర్చుండెను. గాజులు తీసి యత్తమ్మగారి చేతి కిచ్చి లోనికి పోతిమి. మొదటి బుష్షు రంధ్రము వదులైనది, ఇత్తడి దండుగ. తొందరయే కారణము. రెండవదానికి కొంచెము కొంచెముగ కోయుచు, ప్రతిసారియు ఇరుసు దూర్చి చూచుచు, రెండు గంటలు పట్టితిమి. నూనెచుక్క వేసి దూర్చగా ఇరుసు బిగియకయు, ఊగకయు తిరిగినది. రైతు మజూరీ యిచ్చి, "అన్న చేసినట్టే ఉన్నదమ్మా" యనెను. మఱి రెండు దినములకు పంపు నడచుచున్నదని తెలిసినదాక మాకు నిదుర పట్టలేదు.

లాభనష్టముల మాట యడుగుదురేమో. కొన్ని నెలలు చేతినిండ పని; కొన్ని నెలలు కరెంటు బిల్లునకే సరి. నాలుగు బంగారు గాజులలో రెండు విడిపించుకొంటిమి. రెండింకను కుదువలోనే యున్నవి. ఇంట నిట్టి పని పెట్టదలచిన సోదరీమణులకు మా మనవి యొక్కటే: యంత్రము కొనకముందు వాకిట ముగ్గుపిండితో గది గీచి, అందు నిలిచి చూడుడు. ఇంటి పెద్దలు వలదన్నచో కోపగింపక, వారెందులకు వలదనుచున్నారో నెమ్మదిగ వినుడు. మా యత్తమ్మగారి మాట వినియుండనిచో మా పసివాని పాదములలో నెన్ని రజనుముక్కలు దిగెడివో!

ఇపుడు సాయంకాలమైనది. గది తాళము వేసి చేతులు కడిగికొంటిమి. వసారాలో గుమ్మి ప్రక్కన మట్టిగాజులు పట్టుకొని అత్తమ్మగారు పిలుచుచున్నారు. ఇంతటితో సెలవు.