మినాంగ్ కొండల నుంచి జకార్తా వెండితెర దాకా

పశ్చిమ సుమత్రాలో మరాపి, సింగ్గలాంగ్ పర్వతాల సమీపాన, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున బుకిట్టింగి పట్టణం ఉంది. నడిబొడ్డున 'జామ్ గడాంగ్' అనే గడియార స్తంభం కనిపిస్తుంది. దాన్ని 1926లో డచ్చివారి హయాంలో కట్టారు. పాలకులు మారినప్పుడల్లా దాని కప్పు కూడా మారింది. స్వాతంత్ర్యం వచ్చాక, గేదె కొమ్ముల్లా పైకి వంగిన మినాంగ్‌కబావు ఇంటి కప్పు దానికి అమరింది.

మినాంగ్‌కబావు ప్రజలు ఇస్లాం పట్ల గాఢమైన నిష్ఠ గలవారు. అయినా ఇల్లు, పొలం తల్లి వంశానికే చెందుతాయి. పూర్వం మగపిల్లలు ఊరి ప్రార్థనాశాల 'సురావు'లోనే రాత్రులు గడిపి, ఖుర్ఆన్ పారాయణం నేర్చుకునేవారు. వయసు రాగానే విద్యనో జీవనోపాధినో వెతుక్కుంటూ దూరదేశాలకు బయలుదేరేవారు. ఈ ఆచారాన్ని 'మరాంటావు' అంటారు. స్వతంత్ర ఇండోనేషియా తొలి ఉపాధ్యక్షుడు ముహమ్మద్ హట్టా ఈ పట్టణపు బిడ్డే. 1921 మార్చి 20న ఇక్కడే పుట్టిన మరో బాటసారి ఉస్మర్ ఇస్మాయిల్. కవిగా, నాటకకర్తగా, చలనచిత్ర దర్శకుడిగా ఆ దేశం ఆయన్ను స్మరించుకుంటుంది.

ఆయన అన్న డాక్టర్ అబూ హనీఫా 'ఎల్ హకీమ్' అనే కలం పేరుతో నాటకాలు రాసేవారు. జపాను ఆక్రమణ కాలంలో ఈ సోదరులు మిత్రులతో కలిసి జకార్తాలో 'మాయ' అనే నాటక బృందాన్ని నెలకొల్పారు. తరువాత స్వాతంత్ర్య పోరాటం సాగింది. ఉస్మర్ యోగ్యకర్తాలో గణతంత్ర సైన్యంలో పనిచేశారు, పత్రికలు నడిపారు. 1948లో విలేకరిగా జకార్తా వెళ్ళినప్పుడు డచ్చివారు ఆయన్ను చెరసాలలో ఉంచారు. ఆయన నాటకాలు 'సెదీహ్ దాన్ గెంబిరా' పేరుతోనూ, కవితలు 'పుంటుంగ్ బెరసాప్' పేరుతోనూ పుస్తకాలుగా వెలువడ్డాయి.

1949లో ఆయన డచ్చి సంస్థకు రెండు చిత్రాలు తీశారు. కాని యజమానుల జోక్యం వల్ల వాటిని తనవిగా భావించలేకపోయారు. 1950లో 'పెర్ఫిని' అనే సొంత సంస్థను స్థాపించి, మార్చి 30న 'దారాహ్ దాన్ దోఆ' చిత్రీకరణ మొదలుపెట్టారు. 'దారాహ్' అంటే రక్తం. 'దోఆ' మనం నిత్యం పలికే దుఆయే. ఆ రోజును ఇండోనేషియా నేటికీ జాతీయ చలనచిత్ర దినంగా జరుపుకుంటోంది.

ఆ చిత్రం యోగ్యకర్తా నుంచి పశ్చిమ జావాకు కాలినడకన సాగిన సైనిక దళం కథ. దళపతి సుదార్తో వీరుడే కాని, సంశయాలూ బలహీనతలూ ఉన్న మామూలు మనిషి. విజయోత్సాహంలో ఉన్న సైన్యంలో కొందరికి ఈ చిత్రణ రుచించలేదు. ఉస్మర్ మాత్రం తన దారి మార్చుకోలేదు. 1954లో 'లెవాత్ జామ్ మాలం' వచ్చింది. ఇందులో యుద్ధం ముగిసి ఇల్లు చేరిన ఇస్కందర్ అనే యువకుడికి ఒక భయంకర సత్యం తెలుస్తుంది. నాయకుడి ఆజ్ఞపై తాను చంపింది నిరపరాధులను. వారి సొత్తే నేడు ఆ నాయకుడి వ్యాపారానికి పెట్టుబడి! స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళయినా కాకముందే, ఆ స్వాతంత్ర్యం కోసం పోరాడిన మనిషే ఇంతటి ప్రశ్న అడిగాడు. శత్రువు దోషాన్ని ఎత్తిచూపడం సులభం. తన పక్షం దోషానికి సాక్ష్యం చెప్పడానికే గుండె నిబ్బరం కావాలి.

ఆ నిబ్బరానికి మూల్యం ఉంటుంది. గంభీరమైన చిత్రాలతో సంస్థ నిలదొక్కుకోలేకపోయింది. చౌకగా దిగుమతి అయ్యే విదేశీ చిత్రాల పోటీ ఒకవైపు. వాటిలో మన హిందీ చిత్రాలూ ఉన్నాయి. అప్పుల బాధ మరోవైపు. చివరకు ముగ్గురు అక్కాచెల్లెళ్ళ పాటల కథ 'తిగా దారా' తీయవలసి వచ్చింది. 1957లో విడుదలైన ఆ చిత్రం ఘనవిజయం పొందినా, ఆయన దాన్ని రాజీగానే భావించారు.

మతానికీ కళకూ పొసగదనే మాట మన ఇళ్ళల్లోనూ వినిపిస్తుంది. 1962లో, ఉలమాల మహాసంస్థ నహ్దతుల్ ఉలమా తన సాంస్కృతిక విభాగం 'లెస్బుమి'ని ఏర్పరచినప్పుడు, దాని సారథుల్లో ఉస్మర్ ఒకరు. ఆ సంస్థ ప్రతినిధిగా పార్లమెంటులోనూ కూర్చున్నారు. 1971 జనవరి 2న, ఏభయ్యో ఏడు నిండకముందే కన్నుమూశారు.

నేడు జకార్తాలోని కునింగాన్ ప్రాంతంలో ఒక చలనచిత్ర కేంద్రం 'హాజీ ఉస్మర్ ఇస్మాయిల్' పేరును ధరించి ఉంది. పాత చిత్రాలను భద్రపరిచే 'సినిమాతెక్' ఉన్నది అక్కడే. కాలానికి శిథిలమైన 'లెవాత్ జామ్ మాలం' ఫిల్మును ఇటలీలోని బొలోన్యాలో బాగుచేయగా, 2012లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించారు. 2021లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, ప్రభుత్వం జాతీయ వీరుడి గౌరవాన్ని ప్రకటించింది.

వీరులను కేవలం పొగడడానికి ఇష్టపడని మనిషిని చివరకు దేశం వీరుల వరుసలోనే నిలిపింది. బుకిట్టింగి గడియారం మీది కప్పు మారుతూ వచ్చినా, లోపలి గడియారం కాలాన్ని చెబుతూనే ఉంది. సురావుల నాడు పుట్టి, మరాంటావు దారి పట్టిన ఆ బిడ్డ చేసిన పని కూడా అదే. పైన ఎవరి కప్పు ఉన్నా, తనకు కనిపించిన సమయాన్ని ఉన్నదున్నట్లు చెప్పాడు.