గదిలో చెరువు.. చప్పుడు చేయొద్దు!

ఊరి పేరులోనే చెరువుంది. ఆ ఊళ్లో ఇంటి ముందుగదిలో ఇంకో చెరువు... గాజుగోడల మధ్య, రెండడుగుల పొడవున! పెద్దది రాత్రంతా సద్దు చేయదు. చిన్నదే ఇంటిల్లిపాదినీ నిద్రపోనివ్వదు. దాని నోరు మూయిద్దామని స్విచ్‌ ఆపితే చేపల ప్రాణానికే ముప్పు. మరెలా?

ధర్మవరం నుంచి ప్రశాంతి నిలయం మీదుగా బెంగళూరు వెళ్లే రైలెక్కితే కిటికీలోంచి కనిపించేవి రెండే... ఎర్రనేలలు, బండరాళ్ల గుట్టలు. అదను బాగుంటే మధ్యలో వేరుశనగ పచ్చదనం. 2000లో మొదలైన శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్లో దిగినవాళ్లలో చాలామంది నేరుగా పుట్టపర్తి దారి పడతారు. పక్కనే ఉన్న కొత్తచెరువులో ఆగేది తక్కువమందే. ధర్మవరం, పెనుకొండ, పుట్టపర్తి దారులు కలిసే ఊరిది. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడకముందు అనంతపురం జిల్లాలో ఉండేది.

పగలంతా బస్సుల హారన్లు, ఆటోల కేకలు. ఆ పక్క ధర్మవరం వెళ్తే వీధి వీధినా మగ్గాల టకటక. ఈ సందడిలో ఇంట్లోని చిన్న మోటారు చప్పుడు ఎవరి చెవికీ ఎక్కదు. రాత్రి పదయ్యి, దుకాణాల షట్టర్లు పడ్డాకే దాని గొంతు బయటికొస్తుంది. గుర్‌ర్‌ర్‌... టప్‌టప్‌... గుర్‌ర్‌ర్‌!

రెండు గదుల ఇళ్లలో ఆ తర్వాత జరిగే సంభాషణ ఇంచుమించు ఒక్కటే.

‘‘ఆ మోటరు రొంతసేపు ఆపు నాయనా, నిద్దర పడ్తాల్యా!’’

‘‘ఆపితే చేపలు చచ్చిపోతాయవ్వా!’’

‘‘చెరువులో చేపలకు ఎవరు పెట్టినార్రా మోటరు?’’

మనవడి దగ్గర జవాబుండదు. స్విచ్‌ ఆగిపోతుంది. తెల్లారి చూస్తే చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తూ ఉంటాయి. ఒకటో రెండో వెల్లకిలా తేలుతాయి.

అవ్వ అడిగింది మాత్రం అసలైన ప్రశ్నే!

చెరువుకు మోటారెందుకు లేదు?

కొత్తచెరువు పక్కనే బుక్కపట్నం. అక్కడి పెద్ద చెరువు కట్టమీద సాయంత్రంపూట నిలబడితే జవాబు కళ్లముందే ఉంటుంది. కనుచూపు మేర పరుచుకున్న నీటిమీద గాలి వీస్తుంటుంది. ఆ చిరు అలలతోనే ప్రాణవాయువు నీళ్లలో కలుస్తుంది. చేపల విసర్జనలోంచి, కుళ్లిన ఆకులోంచి పుట్టే అమ్మోనియా విషం. అడుగు బురదలో, రాళ్లమీది పాచిలో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైటూ విషమే. నైట్రేట్‌తో ప్రమాదం చాలా తక్కువ. దాన్ని నీటిమొక్కలు ఎరువుగా తీసుకుంటాయి. ఒక్కో చేపకు బోలెడంత నీరు. అందుకే మోటారు అక్కర్లేదు.

నీటికీ చోటుకీ పొంతన ఉండాలన్న సంగతి మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. పొరుగున కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలనూ, ఉండకూడని 6 దోషాలనూ ఆ శాసనం ఏకరువు పెడుతుంది. నీరు కొంచెం, చోటు విశాలం కావడం ఓ దోషం. చోటు కొంచెం, నీరు ఎక్కువ కావడం ఇంకో దోషం.

గాజుతొట్టిలో వచ్చే చిక్కూ పొంతనదే. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టిలో నిండా పోస్తే పట్టేది 54 లీటర్లు. అందులో డజను చేపలు. గాలి ఆడని మూత. బురద లేదు, పాచిని ఎప్పటికప్పుడు గీకేస్తాం. చెరువులో గాలీ బురదా చేసే పనిని ఇక్కడ ఒక్క ఫిల్టరే చేయాలి. అది నీటిని వడకట్టే జల్లెడ మాత్రమే కాదు. సూక్ష్మజీవులకు ఇల్లు. ఆ ఇల్లు నిండటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువైతే ఫిల్టర్‌ మీద భారం తగ్గుతుంది. లండన్‌లో రాబర్ట్‌ వారింగ్టన్‌ అనే రసాయన శాస్త్రవేత్త 1850లోనే ఈ సంగతి చూపించాడు. గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా అనే నీటిగడ్డి, నత్తలు... ఈ మూడింటితోనే తొట్టిలో నీటిని చెడకుండా ఉంచగలిగాడు. ఆయనకు కరెంటు మోటారు లేదు మరి!

రాత్రే ఎందుకు ప్రమాదం?

పగలు వెలుతురులో మొక్కలు ప్రాణవాయువును వదులుతాయి. రాత్రి అవి కూడా దాన్ని పీల్చుకుంటాయి. దీనికి మన ఎండలు తోడు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు చేరితే ఏడున్నరే. వేసవిలో రేకుల కింది గదిలో తొట్టినీరు అర్ధరాత్రి దాకా వెచ్చగానే ఉంటుంది. అంటే చేపకు ఊపిరి అందడం కష్టమయ్యే వేళలోనే మనం మోటారు ఆపేస్తున్నామన్నమాట!

కొరమీను లాంటి చేప పైకొచ్చి నేరుగా గాలి పీలుస్తుంది. చెరువు ఎండుతున్నా బురదలో కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. గాజుతొట్లలో పెంచే ఫైటర్‌ చేపకూ అలా గాలి పీల్చే అవయవం ఉంది. గోల్డ్‌ఫిష్‌కి, గప్పీకి ఆ వరం లేదు.

అందుకే ‘చప్పుడు చేయని ఫిల్టర్‌’ షోకు కాదు. చప్పుడు చేసేదాన్ని ఎవరో ఒకరు ఏదో ఒక రాత్రి ఆపేస్తారు. చేయనిదాన్ని ఆపాలన్న ఆలోచనే రాదు. చేప బతికేది అక్కడే.

గోల ఎక్కడ పుడుతుంది?

మూడు చోట్ల.

మొదటిది గాలిపంపు. లోపలి రబ్బరు పొరను అయస్కాంతం సెకనుకు పదులసార్లు కదిలిస్తుంది. ఆ అదురు చెక్కబల్లకు పాకితే బల్ల మొత్తం తబలాలా మోగుతుంది. చాలాసార్లు మనకు వినిపించేది పంపు కాదు, బల్ల! నాలుగు మడతలు వేసిన పాత తువాలు మీద పెట్టినా, మేకుకు తాడుతో వేలాడదీసినా చప్పుడు సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. గోడకూ గాజుకూ తగలకుండా చూడాలి.

రెండోది నీటి ధార. తొట్టి అంచుకు తగిలించే ఫిల్టర్లలో నీరు పైనుంచి కిందికి దూకుతుంది. చెరువైనా అంతే. నిండి మరవ పారినప్పుడే దానికి గొంతు వస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన ఈ సీమలో ఆ చప్పుడు కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తారు. పడగ్గదిలో మాత్రం అది వద్దు. తొట్టిలో నీటిమట్టాన్ని ఫిల్టర్‌ పెదవి దాకా పెంచితే చాలు... దూకాల్సిన నీరు జారుతుంది, చప్పుడు చప్పబడుతుంది. ఎండాకాలంలో నీరు ఇగిరి మట్టం తగ్గుతుంది కాబట్టి రెండు మూడు రోజులకోసారి పోస్తుండాలి.

మూడోది మోటారులో తిరిగే చిన్న చక్రం. ఇసుక రేణువు చిక్కినా, గాలి బుడగ ఇరుక్కున్నా కరకరమంటుంది. కొత్తగా పెట్టిన మోటారును నీళ్లలోనే అటూ ఇటూ వంచితే బుడగలు బయటికి పోతాయి.

ఏది కొనాలి?

చేపల దుకాణంలో అడుగుపెడితే రకరకాల ఫిల్టర్లు. బెంగళూరు రసెల్‌ మార్కెట్‌కో చెన్నై కొలత్తూరుకో వెళ్తే మరీనూ! 40 నుంచి 60 లీటర్ల తొట్టి ఉన్నవాళ్లు రెండింటి మధ్య తేల్చుకుంటే సరిపోతుంది.

స్పాంజి ఫిల్టర్‌: నీళ్లలో ఉండేది స్పాంజి, ఓ గొట్టం మాత్రమే. గాలి బుడగలు పైకి లేస్తూ నీటిని స్పాంజిలోంచి లాగుతాయి. ధర తక్కువ, పాడయ్యే భాగాలూ తక్కువ. చిన్న పిల్లల్ని మింగదు కాబట్టి గప్పీలు పెంచేవాళ్లకు మేలు. పారుదల నెమ్మది కాబట్టి ఫైటర్‌కూ హాయి. చప్పుడంతా బయటి గాలిపంపుదే. దాన్ని నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టాలి. లేదంటే గొట్టంలో వెనక్కి రానివ్వని వాల్వు బిగించాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు తొట్టిలో నీరు పంపులోకి, అక్కణ్నుంచి నేలమీదికి వచ్చేస్తుంది. గాలి మరీ ఎక్కువైతే గొట్టాన్ని నొక్కేయకూడదు. పంపు ఇంకా గోలచేస్తుంది. టీ ఆకారపు వాల్వుతో కొంత గాలిని బయటికి వదిలేయాలి.

లోపల మునిగి ఉండే ఫిల్టర్‌: మోటారు నీళ్లలోనే ఉంటుంది కాబట్టి నీరే దాని రొదను మింగేస్తుంది. పడుకునే గదిలోనే తొట్టి ఉంటే ఇదే మేలు. నీరొచ్చే మూతిని ఉపరితలానికి కాస్త కింద ఉంచితే నీటిపై అల కదులుతుంది కానీ బుడబుడ ఉండదు. పారుదల తగ్గించే మీట ఉన్నదే తీసుకోవాలి.

డబ్బాలా బయట ఉండే కానిస్టర్‌ ఫిల్టర్లు నిశ్శబ్దంలో మేటి. కానీ ఖరీదెక్కువ. చిన్న తొట్టికి అంత అవసరం ఉండదు.

మోటారు ఫిల్టర్‌ గంటకు తొట్టినీటికి నాలుగైదు రెట్లు తిప్పాలన్నది వాడుక లెక్క. 54 లీటర్లకు గంటకు 216 నుంచి 270 లీటర్లు. అట్టపెట్టె మీది అంకె ఖాళీ ఫిల్టర్‌ది. స్పాంజికి మురికి పట్టాక తగ్గిపోతుంది. అందుకే కాస్త పెద్దది కొని నెమ్మదిగా తిప్పడం మంచిది. చిన్నదాన్ని పూర్తి వేగంతో పరుగెత్తిస్తే దానికీ ఆయాసం, మనకూ చిరాకు.

పెట్టెమీది డెసిబెళ్ల లెక్కనూ గుడ్డిగా నమ్మకూడదు. ఎంత దూరం నుంచి కొలిచారన్నది ముఖ్యం. పడగ్గదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెళ్లు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. దుకాణంలోనే బకెట్‌ నీళ్లలో పెట్టి తిప్పి చూపించమంటే సరి. నీళ్లు లేకుండా మాత్రం తిప్పకూడదు. చక్రం అరిగిపోతుంది.

బోరునీళ్ల తంటా

ఈ ప్రాంతపు బోరునీళ్లు పోసిన గిన్నెకు నాలుగు రోజుల్లో తెల్లటి పొర కడుతుంది. ఫిల్టర్‌ చక్రానికీ అదే గతి. నిన్నటిదాకా నోరెత్తని మోటారు ఆర్నెల్లకు గొణగడం మొదలెడితే మొదట అనుమానించాల్సింది ఆ పొరనే. చక్రాన్ని తీసి వెనిగర్‌లో కాసేపు నానబెట్టి, మెత్తని బ్రష్‌తో తోమి, మంచినీళ్లతో కడిగితే మళ్లీ దారికొస్తుంది. గప్పీలు, మోలీలు ఇలాంటి నీళ్లకు బాగానే అలవాటు పడతాయి.

స్పాంజిని కడిగే తీరు వేరు. కుళాయి కింద పెట్టి రుద్దితే నీటిలోని క్లోరిన్‌కు సూక్ష్మజీవులన్నీ పోతాయి. మెరిసే స్పాంజితో మసకబారిన చేపలు మిగులుతాయి! తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు.

కరెంటు కోతలో స్పాంజి ఫిల్టర్‌ది మరో మేలు. సూక్ష్మజీవులు తొట్టినీటిలోనే ఉంటాయి కాబట్టి కొంతసేపు తట్టుకుంటాయి. మూతపెట్టిన డబ్బాలోనివి గంటల తరబడి నీరు కదలకపోతే ఊపిరాడక చస్తాయి. కరెంటు రాగానే ఆ కుళ్లునీరు నేరుగా చేపల మీదికి వస్తుంది. అలాంటప్పుడు ముందు కడిగి, తర్వాతే స్విచ్‌ వేయాలి. చిన్న గాలిపంపు తినేది నాలుగైదు వాట్లే. ఇన్వర్టర్‌ ఉన్న ఇంట్లో దానికీ ఓ ప్లగ్గు కేటాయిస్తే బెంగ ఉండదు.

అవ్వ ఒప్పుకోవాలి!

సీమ పల్లెల్లో చెరువు నీటిని పొలాలకు పంచే మనిషిని నీరుగంటి అంటారు. రాత్రివేళ తూము తీసినా, మూసినా ఊరికి తెలిసేది కాదు. తెల్లారి మడి తడిసి ఉండటం చూస్తేనే అతను వచ్చి వెళ్లినట్టు తెలిసేది. మంచి ఫిల్టర్‌ తీరూ అదే.

అన్నీ అమర్చాక చేయాల్సిన పరీక్ష ఒక్కటే. రాత్రి పది దాటాక ఫ్యాను ఆపి, దీపం ఆర్పి, అవ్వ పడుకునే చోటే ఓ ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోవాలి. గుర్‌ర్‌మంటే బల్ల, టప్‌టప్‌మంటే నీటిమట్టం, కరకరమంటే చక్రం. లేచి సరిచేసి, మళ్లీ పడుకోవాలి.

‘‘మోటరు ఆపేసినావా నాయనా?’’ అని అవ్వే అడిగిందంటే... అది తిరుగుతున్నట్టే లెక్క!