డిస్కా? డౌన్‌లోడా?

2024 ఏప్రిల్లో కడప నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. టెంత్‌లో 500 దాటితే ప్లేస్టేషన్ 5 కొనిస్తానని ఎప్పుడో నోరు జారాను. వాడు దాటించేశాడు. (మనం చదివే రోజుల్లో ఇలాంటి మామ ఒక్కడూ తగల్లేదు, అది వేరే సంగతి.)

"మామా, డిస్కు పెట్టేది వద్దు. 54,990 అంట. డిజిటల్‌ది 44,990. పది వేలు ఊరికే పోతాయి గదా! ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది, అన్నీ డౌన్‌లోడ్ చేసుకుంటా" అన్నాడు.

లెక్క తప్పని చెప్పలేను. హైదరాబాదులో నేను చేసేదీ అదే. డిస్కౌంట్ రాగానే సోఫాలోంచి లేవకుండా కొనేస్తాను, ఆడినా ఆడకపోయినా. అయినా వాడికి మాత్రం డిస్కుదే కొన్నాను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది కర్నూలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి ఊరి మీద పడ్డాయి. ఎప్పుడూ నీళ్ళ కోసం ఎదురుచూసే ఊళ్ళో మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు జనం. నీళ్ళు తీశాక నేను హైదరాబాదు నుంచి వెళ్ళేసరికి ఇంట్లో మోకాలెత్తు బురద. అమ్మ పెరట్లో గిన్నెలు కడుగుతోంది. నా ప్లేస్టేషన్ 2 నిండా ఒండ్రుమట్టి. దాంతోపాటే 8 ఎంబీ మెమరీ కార్డూ పోయింది, అంటే నా కాలేజీ రోజుల సేవ్ ఫైళ్ళన్నీ పోయినట్టే.

డిస్కుల సంచి మాత్రం బీరువా కింద దొరికింది. అమ్మ పక్కనే కూర్చుని సబ్బునీళ్ళతో ఒక్కో డిస్కూ కడిగి, మిద్దె మీద చాప పరిచి, వడియాలు ఎండబెట్టినట్టు ఎండబెట్టాను. అమ్మ తిట్టింది, ఇల్లు మునిగిపోయి ఉంటే నీకు ఆటలు కావాల్సి వచ్చాయా అని. న్యాయమే. కానీ తర్వాత ఫ్రెండు దగ్గర పెట్టి చూస్తే చాలావరకు ఆడాయి! డీవీడీలో డేటా పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, ఒక్కోటీ 0.6 మిల్లీమీటర్లు. బురద అక్కడిదాకా పోలేదు.

నిజం చెప్పొద్దూ, వాటిలో సగం దొంగ కాపీలే. అసలువి ఏడో ఎనిమిదో, అవీ నలుగురం తలా కొంచెం వేసుకుని కొన్నవి. ఒక్క డిస్కు మా వీధిలో ఐదిళ్ళు తిరిగేది. ఆ కడిగిన డిస్కులే తర్వాత కడపలో అక్కావాళ్ళింటికి చేరాయి. మా మేనల్లుడు కంట్రోలర్ పట్టుకోవడం నేర్చుకున్నది వాటి మీదే. నాకు వాడికి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండింది. అదీ సంగతి.

ఇప్పుడు నా ఉద్యోగం గురించి చెప్పాలి. లైసెన్సులు చెక్ చేసే కోడ్ రాస్తాను (గేములవి కాదు లెండి, ఆఫీసు సాఫ్ట్‌వేర్లవి). మీరు "కొనండి" బటన్ నొక్కితే మా వైపు జరిగేది ఒకటే: ఒక టేబుల్లో ఒక వరుస చేరుతుంది. యూజర్ ఐడీ, ప్రాడక్ట్ ఐడీ, స్టేటస్. స్టేటస్ మారిస్తే మీ వస్తువు లేదు. గేముల దుకాణాల్లోనూ మనం కొనేది ఆడుకోడానికి అనుమతే. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టమే వచ్చింది: అమ్ముతున్నది లైసెన్సు మాత్రమే అయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనకూడదు. దుకాణాలూ శాశ్వతం కాదు. నింటెండో వాళ్ళ 3డీఎస్, వీ యూ దుకాణాల్లో 2023 మార్చి 27న కొత్తగా కొనడం ఆగిపోయింది.

అలాగని డిస్కుకి పూజ చేయక్కర్లేదు. మావాడి టెంత్ రిజల్ట్స్‌కి మూడు వారాల ముందే, 2024 మార్చి 31న, యూబీసాఫ్ట్ వాళ్ళు 'ద క్రూ' సర్వర్లు ఆపేశారు. 2014 నాటి కార్ల ఆట, నెట్ లేనిదే నడవదు. డిస్కు కొన్నవాళ్ళకి అది టీ గ్లాసు కింద పెట్టుకోడానికి మిగిలింది. 2025లో వచ్చిన స్విచ్ 2కి కొన్ని ఆటలైతే గేమ్-కీ కార్డుల మీద వస్తున్నాయి. కార్డులో ఆట ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రమే. అయినా ఆ తాళంచెవిని ఇంకొకరి చేతిలో పెట్టొచ్చు, అమ్ముకోవచ్చు. అంతమాత్రం హక్కు నా డిజిటల్ ఆటలకి లేదు.

2013లో జరిగిన గొడవ కూడా దీని గురించే. ఎక్స్‌బాక్స్ వన్‌లో డిస్కులు అప్పివ్వడానికీ, సెకండ్ హ్యాండ్‌లో అమ్మడానికీ షరతులు పెడతామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. జనం తిరగబడితే జూన్ 19న వెనక్కి తగ్గింది. పదేళ్ళు తిరిగేసరికి అవే షరతులు, ఇంకా గట్టివి, డిస్కౌంట్ చూసి మనమే ఒప్పేసుకున్నాం. నాతో సహా.

మావాడి విషయానికొస్తే, ఆర్నెల్ల తర్వాత ఫోన్ చేశాడు. "మామా, నువ్వు పంపిన ఆట అయిపోయింది. పక్క సందులో పిల్లోడికిచ్చి వాని క్రికెట్ ఆట తెచ్చుకున్నా". ఆ డిస్కు 4,999 పెట్టి కొన్నాను మరి! ఒక్క క్షణం చురుక్కుమంది. తర్వాత నవ్వొచ్చింది. ఇలా రెండు ఆటలు చేతులు మారితే ఆ పది వేలూ వచ్చేసినట్టే కదా.

"నీ దగ్గర అరవై ఆటలుండాయి గదా మామా, ఆడనివి నాకియ్యి" అన్నాడు ఫోన్ పెట్టేసే ముందు.

ఏమివ్వను? నా పాస్‌వర్డ్ ఇవ్వాలి. అప్పుడు ఇచ్చేది ఆట కాదు, నా అకౌంటు. బురదలోంచి తీసి కడిగిన డిస్కుని వాడికివ్వగలిగాను గానీ, లక్షణంగా డబ్బు పెట్టి కొన్నవాటిలో ఒక్కటీ ఇవ్వలేకపోయాను.

ఇవ్వలేనిదాన్ని నాది అనుకోవడం ఎలాగో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.