మూడు జిల్లాల నోట ఇంగ్లిష్ మాటలు

ఇంగ్లిష్ పదసంపద నేర్పే పుస్తకం ఏది తెరిచినా చదువు, నగర జీవితం, పర్యావరణం అనే మూడు పాఠాలు కనిపిస్తాయి. పదో తరగతి వ్యాసం మొదలుకొని విదేశీ చదువుల కోసం రాసే ఐఈఎల్‌టీఎస్ దాకా ప్రశ్నలు తరచూ ఈ మూడింటి చుట్టే తిరుగుతాయి. బడి, బజారు, వాన తెలియని మనిషి ఉండడు కాబట్టి ఎవరిని అడిగినా ఏదో ఒకటి చెప్పగలరన్నది ఆ ప్రశ్నల వెనుక ఉన్న ఆలోచన. అది సరైన ఆలోచనే. కానీ పుస్తకంలో ఆ మాటలు బడినీ బజారునూ వదిలేసి ఉత్త పట్టికగా వస్తాయి: ఎడమ పక్క మాట, కుడి పక్క అర్థం. పిల్లలు దాన్ని బట్టీ పడతారు, పరీక్ష అయిన కొన్నాళ్లకే మరిచిపోతారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లల విషయంలో ఇది మరీ అన్యాయం. పట్టికలో ఉండే మాటల్లో చాలా భాగం ఆ ఊళ్లలో ముందునుంచే తిరుగుతున్నాయి. కొన్ని కాస్త వేరే అర్థంతో, కొన్ని పొడి అక్షరాలుగా, కొన్ని పక్కా తెలుగు మాట చాటున ఉన్నాయి. వాటిని గుర్తుపట్టించడంతో సాధన మొదలుపెడితే పిల్లలకు ఇంగ్లిష్ అంటే ఉండే జంకు సగం తగ్గుతుంది.

2016 అక్టోబర్ 11న ఈ మూడూ ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి జిల్లాలయ్యాయి. 2022–23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లిష్‌లో ఉండే పుస్తకాలు ఇచ్చారు. పరభాషలో చదవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం కాలంలో పెద్దలు ఉర్దూలో చదువుకున్నారు; దవాఖాన, చౌరస్తా, సర్కారు అప్పటి నుంచి ఉన్నవే. ఎదురెదురు పేజీల పుస్తకం మంచి ఏర్పాటు, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు. మహబూబాబాద్ తండాల్లో ఇంటి మాట గోర్ బోలి. కొన్ని గూడేల్లో కోయ. ఆ పిల్లలకు రెండు పేజీలూ బడిలో నేర్చుకోవలసినవే. ఇంగ్లిష్ మాటకు తెలుగు అర్థం చెప్పి ఊరుకుంటే, తెలియని మాట ఒకటి రెండవుతుంది. అక్కడ వస్తువును చూపించాలి, పనిని చేసి చూపించాలి.

చదువు మాటల సంగతి చూస్తే, డిగ్రీ చదివే ఏ పిల్లవాడైనా తడబడకుండా పలికే పెద్ద మాట ‘రీయింబర్స్‌మెంట్’. ఫీజు డబ్బు ప్రభుత్వం ఇవ్వడమని అందరికీ తెలుసు. ముందు మన చేతి నుంచి ఖర్చు పెట్టినదాన్ని తర్వాత తిరిగి ఇవ్వడం దాని అసలు అర్థం. ప్రయాణ ఖర్చులకూ, ఆస్పత్రి బిల్లుకూ అదే మాట వాడతారని చెబితే చాలు, తెలిసిన మాటకు రెండు కొత్త తావులు దొరికాయి. ‘కౌన్సెలింగ్’ కథ ఇంకోలా ఉంటుంది. మన దగ్గర అది ఎప్‌సెట్ ర్యాంకు వచ్చాక సీటు కోసం సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లే పని. బయట ఎక్కడైనా అది మనసు బాగా లేనివారికి, దారి తోచనివారికి ఓపికగా సలహా చెప్పడం. ఈ తేడా తెలియకుండా విదేశంలో చదవబోయే పిల్ల అక్కడి కౌన్సెలింగ్ సెంటరుకు సీటు సంగతి అడగడానికే వెళ్తుంది. హాజరు చాలనప్పుడు కట్టే ‘కండొనేషన్’ డబ్బు కూడా అంతే. ఆ మాటకు తప్పును మన్నించడమని అర్థం. కాలేజీలో అది రుసుము పేరుగా స్థిరపడింది.

క్రియల దగ్గర ఇబ్బంది ఎక్కువ. తెలుగులో పరీక్ష రాస్తాం కాబట్టి ఇంగ్లిష్‌లోనూ ‘రైట్’ అంటాం. భారతదేశంలో అది చెల్లుతుంది. అంతర్జాతీయ పరీక్షలో ‘టేక్’ అనో ‘సిట్’ అనో రాయడం మేలు. ‘చదువు’ అనే ఒక్క క్రియతో మనం పేపరూ చదువుతాం, ఇంటరూ చదువుతాం. ఇంగ్లిష్‌లో పేపరుకు ‘రీడ్’, ఇంటరుకు ‘స్టడీ’. ఇలాంటి జతలను విడివిడి మాటలుగా నేర్చుకుంటే లాభం లేదు. మాట ఏ మాట పక్కన నిలుస్తుందో, ఆ పక్క మాటతో కలిపే నేర్చుకోవాలి.

పట్నవాసం పాఠంలో మొదట వచ్చే మాట ‘కమ్యూట్’. హన్మకొండలో కాపురం పెట్టి జనగామలోనో మహబూబాబాద్‌లోనో కొలువు చేసే ఉద్యోగి గురించి అడిగితే ‘అప్ అండ్ డౌన్ చేస్తున్నడు’ అంటారు. కమ్యూట్ అంటే అచ్చంగా అదే. ఆ మాట పుట్టిందీ రైల్లోనే. 19వ శతాబ్దపు అమెరికాలో రోజూ తిరిగేవారికి ధర తగ్గించి ఇచ్చిన ‘కమ్యుటేషన్ టికెట్’ నుంచి, అంటే మన రైలు పాసు లాంటి దాని నుంచి, అది వచ్చింది. కాజీపేట, సికింద్రాబాద్ మధ్య పుష్‌పుల్ రైల్లో నిలబడి వెళ్లినవారికి ఈ మాటను మళ్లీ వివరించనక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో ‘పట్నం’ అంటే హైదరాబాదే. అందుకే ‘సిటీ’, ‘టౌన్’ తేడా చెప్పడానికి ఒకవైపు పట్నాన్నీ, మరోవైపు జనగామనూ చూపిస్తే సరిపోతుంది. ‘డ్రైనేజీ’ని మాత్రం సరిదిద్దుకోవాలి. ఇంటి ముందు పారే మోరీ ‘డ్రెయిన్’. ఊరి మురుగునీరు పోయే ఏర్పాటంతా కలిపి ‘డ్రైనేజ్’. ఇక ‘స్లమ్’కు పుస్తకాలు ‘మురికివాడ’ అని రాస్తాయి. అక్కడ ఉండేవారు తమ చోటును ‘బస్తీ’ అంటారు. ఆ పేరులో మురికి లేదు. ‘నైబర్‌హుడ్’ అనే మాట నేర్పేటప్పుడు బస్తీని ఉదాహరణగా చూపడం న్యాయం.

పర్యావరణం దగ్గరికి వస్తే ఈ జిల్లాలు పుస్తకం కంటే ఎంతో ముందున్నాయి. చెరువుతోనే మొదలుపెట్టవచ్చు. భారతీయ ఇంగ్లిష్‌లో చెరువును ‘ట్యాంక్’ అంటారు. బయటివారికి ట్యాంక్ అంటే నీళ్ల తొట్టి, లేదా యుద్ధ ట్యాంకు. కట్ట ‘బండ్’, తూము ‘స్లూయిస్’, మత్తడి ‘వియర్’. మత్తడి దూకడం చూసిన పిల్లలకు ‘ఓవర్‌ఫ్లో’, ‘సర్‌ప్లస్’ అనే మాటలు కళ్ల ముందే ఉన్నాయి. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు ‘ఫుల్ ట్యాంక్ లెవెల్’. భూమి తగాదాల పుణ్యమా అని ఎఫ్‌టీఎల్ అనే పొడి అక్షరాలు ఊళ్లో పెద్దలందరికీ తెలుసు. కరువుకు అలవాటు పడిన జనగామ వైపు ‘బోరు ఎండింది’ అనే మాట పక్కన ‘గ్రౌండ్‌వాటర్ డిప్లీషన్’ను పెడితే అర్థం మళ్లీ చెప్పనక్కర్లేదు.

అడవి మాటలు ఇంత తేలిక కాదు. అడవి లేని చోట కొత్తగా పెంచితే ‘అఫారెస్టేషన్’, పోయినచోట తిరిగి పెంచితే ‘రీఫారెస్టేషన్’, నరికి పోగొడితే ‘డిఫారెస్టేషన్’. మొదటి అక్షరాలు మారితే కథంతా మారుతుంది. 2015లో మొదలైన హరితహారం మొక్కలు పిల్లలు తమ చేతులతో నాటినవే కాబట్టి ఈ మూడింటిలో అది ఏదవుతుందో వారే తేల్చుకోవచ్చు. తెలంగాణ పదో తరగతి ఇంగ్లిష్ వాచకంలో జీవవైవిధ్యం పాఠం కింద కెన్యాకు చెందిన వంగారి మాథాయ్ ఇంటర్వ్యూ చేర్చారు. ఆమె 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమాన్ని ప్రారంభించి, 2004లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నారు.

పోడు దగ్గర మాటకు ఉన్న బరువు బయటపడుతుంది. మహబూబాబాద్, భూపాలపల్లి అటవీ గ్రామాల్లో పోడు ఇంటిల్లిపాదికీ తిండి పెట్టే సాగు. భూగోళం పుస్తకం దాన్ని ‘షిఫ్టింగ్ కల్టివేషన్’ అంటుంది. అటవీ శాఖ కాగితంలో అది ‘ఎన్‌క్రోచ్‌మెంట్’, అంటే ఆక్రమణ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా వస్తే అదే భూమికి ‘టైటిల్’ ఉన్నట్టు. నేల ఒకటే, దున్నే మనిషీ ఒకరే. రాసేవారు ఏ మాట ఎంచుకున్నారో దాన్నిబట్టి ఆ మనిషి రైతు అవుతాడు, లేదా నేరస్థుడవుతాడు. అర్థాల పట్టికలో ఈ తేడా ఎక్కడా ఉండదు. పదసంపద పాఠంలో చెప్పవలసిన ముఖ్యమైన సంగతుల్లో ఇదొకటి.

బొగ్గు మాటలకు భూపాలపల్లిని మించిన చోటు ఉండదు. సింగరేణి కార్మికుల ఇళ్లలో గనిని ‘బాయి’ అంటారు. నాన్న ‘ఫస్ట్ షిఫ్టుకు బాయికి పోయిండు’. పైనుంచి తవ్వే గని ఓపెన్‌కాస్ట్, వాడుకలో ‘ఓసీ’. బొగ్గు మీద ఉన్న మట్టిని ‘ఓబీ’ అంటారు. పూర్తి పేరు ఓవర్‌బర్డెన్, అంటే పైనున్న భారం. బొగ్గు తీసేవారికి అది భారమే. ఆ మట్టిలో పంట పండించిన రైతుకు దాని పైపొరే ‘టాప్‌సాయిల్’, సారవంతమైన పైనేల. భూమి పోయినవారికి కట్టే ఇళ్లు ‘ఆర్ అండ్ ఆర్ కాలనీ’. ఆ రెండు ‘ఆర్’లు రీహాబిలిటేషన్, రీసెటిల్‌మెంట్, ఒకటి బతుకుదెరువును నిలబెట్టడం, రెండోది ఇంకోచోట ఇల్లు చూపించడం. చాలాచోట్ల రెండోదానితోనే పని ముగిసిందనుకుంటారు. కాబట్టి ఈ రెండు మాటల తేడా పిల్లల కంటే ముందు పెద్దలకు తెలియాలి. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సామర్థ్యం 1,100 మెగావాట్లు. బొగ్గు కాలితే పొగతో పాటు పైకి లేచే సన్నని బూడిద ‘ఫ్లై యాష్’, కొలిమి అడుగున మిగిలే ముతక బూడిద ‘బాటమ్ యాష్’. దండెం మీది బట్టల మీద పడే బూడిద ఏదో ఆ చుట్టుపక్కల ఇల్లాళ్లకు తెలుసు. ‘పొల్యూటెంట్’ అనే మాటకు అంతకంటే దగ్గరి ఉదాహరణ వెతకనవసరం లేదు. ఈ జిల్లా ఎవరి పేరు పెట్టుకుందో ఆ ప్రొఫెసర్ జయశంకర్ కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ కావడానికి ముందు హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల కేంద్ర సంస్థలో రిజిస్ట్రారుగా పనిచేశారు. ఇంగ్లిష్ బోధనకూ ఈ జిల్లా పేరుకూ ఉన్న ఈ బంధుత్వం ఇక్కడి బడుల్లో చెప్పుకోదగినది.

వరద మాటలు తెలియకపోతే ప్రాణాలకే ముప్పు. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లి ఊరు మునిగింది. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కారు, కొందరు కొట్టుకుపోయారు. అదే జిల్లా చిట్యాలలో ఒక్కరోజులో 616.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. నిమిషాల్లో వచ్చిపడే వరద ‘ఫ్లాష్ ఫ్లడ్’. ఊరు మునగడం ‘ఇనండేషన్’. జనాన్ని ఖాళీ చేయించడం ‘ఇవాక్యుయేషన్’. చిక్కుకున్నవారిని బయటికి తేవడం ‘రెస్క్యూ’. తర్వాత అందించే తిండి, బట్ట ‘రిలీఫ్’. ఈ మాటలను ఒక రోజులో జరిగిన వరుసలోనే చెప్పాలి, అక్షరక్రమంలో కాదు. వాతావరణ శాఖ రంగుల హెచ్చరికలూ ఇందులోవే. పసుపు అంటే కనిపెట్టి ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే కదలమని. 2024 సెప్టెంబర్ మొదట్లో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర పట్టాల కింది కంకర వరదకు కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. ఆ కంకర పేరు ‘బ్యాలస్ట్’ అని అప్పుడు పేపర్లు చదివినవారందరికీ తెలిసింది.

ఇక సాధన ఎలా అన్నది. మాటల్లో ఏది ముందు నేర్పాలన్న ప్రశ్నకు మంచి జవాబు మన ఉపఖండం బడుల నుంచే వచ్చింది. ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లలు ఇంగ్లిష్ చదవడంలో పడే అవస్థను దగ్గరగా చూశారు. తర్వాత 1953లో ఎక్కువగా వాడే 2,000 మాటల జాబితా ప్రకటించారు. 2000లో న్యూజిలాండ్‌లో అవెరిల్ కాక్స్‌హెడ్ పెద్ద చదువుల పుస్తకాల్లో తరచూ వచ్చే 570 పదకుటుంబాలను ఏరి పెట్టారు. ‘ఎన్విరాన్‌మెంట్’, ‘సస్టెయిన్’ అందులో ఉన్నాయి. మొదటి జాబితా రాకుండా రెండోదానిలోకి దూకించడమే మన ట్యూషన్లలో జరిగే పెద్ద పొరపాటు. పెద్ద మాట రాస్తే ఎక్కువ మార్కులు పడతాయన్న నమ్మకంతో ‘యూజ్’ చాలిన చోట ‘యుటిలైజ్’ రాయిస్తారు. జనగామ జిల్లా పాలకుర్తికి చెందిన కవి సోమనాథుడు సంస్కృతం పుష్కలంగా తెలిసీ సామాన్యుల కోసం జాను తెనుగును ఎంచుకున్నాడు. ఆ గడ్డ మీద పిల్లలకు సాదా ఇంగ్లిష్ రాయమని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

నేర్చుకున్నది ఎంత త్వరగా మరుపున పడుతుందో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే కొలిచి చూపారు. ఒకే రాత్రి నూరుసార్లు వల్లె వేయడం కన్నా మర్నాడు, మూడు రోజులకు, వారానికి, నెలకు మళ్లీ గుర్తుచేసుకోవడం మేలు. చిట్టీకి ఒకవైపు మాట, మరోవైపు ఆ మాటతో సొంత ఊరి వాక్యం రాసుకుంటే చాలు. పొల్యూట్, పొల్యూషన్, పొల్యూటెంట్ లాంటి కుటుంబాన్ని ఒకే చిట్టీ మీద పెట్టుకోవచ్చు. చిట్టీలు నిండాక తమ చెరువు గురించో, బాయి గురించో, రోజూ ఎక్కే బస్సు గురించో పది సాదా వాక్యాలు రాయించాలి. ముందు నోటితో చెప్పించి తర్వాత రాయించడం ఇంకా మంచిది. ‘సస్టెయినబుల్’, ‘కన్జర్వేషన్’ లాంటి కంటికి కనిపించని మాటలు ఆ పది వాక్యాల తర్వాతే రావాలి. చెరువు నీళ్లు ఈ ఏడాదితో పాటు వచ్చే ఏడాదికీ మిగిలేలా పంచుకోవడం గురించి పిల్లలు అప్పటికే ఒక వాక్యం రాసి ఉంటారు. ఆ వాక్యం పక్కన ఈ మాటను రాసి పెడితే చాలు.