గువ్వలచెరువు ఘాట్ దాటిన తరువాత

కడప నుండి రాయచోటికి వెళ్ళే బస్సు గువ్వలచెరువు వద్ద కాసేపు ఆగింది. ప్రయాణికులు దిగి పాలకోవా పొట్లాలు కొనుక్కుంటున్నారు. మా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం కదలలేదు. "కువైట్‌కు పోయేవాళ్ళ చేతికిచ్చి బిడ్డకు పంపేవాణ్ణి నాయనా! ఇప్పుడు బిడ్డే ఇంటికొచ్చింది" అన్నాడు. ఆ మాటలో సంతోషం కంటే దిగులే ఎక్కువగా వినిపించింది.

రాయచోటి వాన మీద ఆధారపడిన మెట్టసీమ. వేరుశనగ ఎండిన ఏడు అప్పు మాత్రమే మిగులుతుంది. అందుకే దశాబ్దాలుగా ఇక్కడి పురుషులు డ్రైవర్లుగా, స్త్రీలు ఇంటి పనివారుగా కువైట్ బాట పడుతున్నారు.

మేము వెళ్ళింది 2024లో. ఆ సంవత్సరం మార్చి 17న, పవిత్ర రమజాన్ మాసంలో, కువైట్ ప్రభుత్వం నివాస అనుమతి లేని విదేశీయులకు క్షమాభిక్ష గడువును ప్రారంభించింది. జరిమానా చెల్లించి అనుమతి పొందవచ్చు. లేదా జరిమానా లేకుండానే స్వదేశానికి వెళ్ళి, కొత్త వీసాపై మళ్ళీ రావచ్చు. జూన్ 17తో ముగియవలసిన గడువును జూన్ 30 వరకు పొడిగించారు. ఆ తరువాత పట్టుబడినవారికి బహిష్కారమే, తిరిగి ప్రవేశం ఉండదు.

జుహర్ నమాజు ముగించుకొని పెద్దాయన ఇంటికి వెళ్ళాము. గోడలు లేచాయి, కప్పు పడలేదు. స్తంభాల పైన ఇనుప చువ్వలు తుప్పు పట్టి ఉన్నాయి. ఆయన కుమార్తె ఆరేళ్ళ క్రితం ఖాదిం వీసాపై వెళ్ళింది. మొదటి ఇంటివారు మూడు నెలలు జీతమివ్వలేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. ఆమె ఆ ఇల్లు విడిచిపెట్టగానే పారిపోయిందని ఫిర్యాదు చేశాడు, అకామా రద్దయింది. అలాంటివారిని అక్కడి మనవారు 'ఖల్లివెల్లి' అంటారు.

"జ్వరమొచ్చినా ఆస్పత్రికి పోలేదన్నా. పోలీసు కనబడితే సందులోకి తిరిగేదాన్ని. అమ్మ పోయినప్పుడు ఫోనులోనే ఏడ్చినాను" అన్నదామె. చివరికి ఔట్‌పాస్‌తో, ఒక్క సంచితో దిగింది. నాలుగేళ్ళప్పుడు వదిలి వెళ్ళిన కొడుకుకు ఇప్పుడు పదేళ్ళు. తల్లి ఏదడిగినా వాడు ముందు తనను పెంచిన ఖాలా ముఖం వైపు చూస్తాడు.

పనివారి పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదనీ, వారానికొక సెలవు ఇవ్వాలనీ కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం చెబుతుంది. అయినా జీతం ఎగవేసినవాణ్ణి ఎవరూ అడగలేదు, నేరస్థురాలైనది ఈమె. జరిమానా లేకుండా పంపడం దయే, కాదనము. కానీ ఆమె మూడు నెలల జీతం అక్కడే ఉండిపోయింది. ఇంటి కోసం తెచ్చిన అప్పు మాత్రం నూటికి మూడు రూపాయల వడ్డీతో ఇక్కడ పెరుగుతోంది. ఇంటికి వచ్చే డబ్బు ఆగింది, అప్పులవాడు ఆగడు.

చెమట ఆరకముందే కూలి ఇవ్వమని బోధించిన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అనుచరులము మనము. ఆ బోధ కఫీల్‌కు గుర్తు చేయడం సులువు. మరి మన సంగతి? జకాత్‌కు దివ్య ఖురాన్ పేర్కొన్న ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు ఉన్నారు, బాటసారులూ ఉన్నారు. మనమేమో రమజాన్‌లో చీరలు పంచి బాధ్యత తీరిందనుకుంటున్నాము.

అసర్ తరువాత మసీదు పెద్దలను అడిగాము, ఈ వీధికి ఎందరు తిరిగి వచ్చారని. వారు వేళ్ళపై లెక్కపెట్టి పదకొండు ఇళ్ళు చెప్పారు. ఎవరికెంత అప్పుందో ఎక్కడా రాసి లేదు. వచ్చే జుమా నాటికి జాబితా సిద్ధం చేస్తామని మాట ఇచ్చారు.

బయలుదేరుతుండగా ఆమె గడప దాకా వచ్చి నెమ్మదిగా అడిగింది: "కొత్త వీసాతో మళ్ళీ పోనిస్తారంట గదన్నా, నిజమేనా?"

నిజమేనన్నాము. గడప లోపల పిల్లవాడు వింటున్నాడు.

ఆ జాబితా కాగితంపైనే మిగిలిపోకుండా అల్లాహ్ మనకు సద్బుద్ధిని, శక్తిని ప్రసాదించుగాక! ఆమీన్.