ఆపరేషన్ అయ్యాక మళ్లీ మగ్గం మీదికి

ఆత్మకూరులో బస్సు దిగి అమరచింత దారి పట్టాను. ఒకనాడు అమరచింత సంస్థానానికి రాజధాని ఆత్మకూరే. ఇప్పుడు రెండూ వనపర్తి జిల్లా ఊళ్లు. ఇక్కడి నేతపని ఇళ్లలో మోకాళ్ల నొప్పి మామూలు మాట. మోకాలి కీలు మార్పించుకున్న ఒక పెద్దమ్మ మళ్లీ నేస్తోందని మిత్రుడు చెబితే, చూసి రావాలనిపించింది.

ముందు గదిలోనే మగ్గం ఉంది. మామూలు గుంత మగ్గం నేల మట్టానికి ఉంటుంది. గుంతలోకి కాళ్లు వదిలి కూర్చుని, తొక్కుడు చెక్కలను మార్చి మార్చి తొక్కుతూ నాడె ఆడించాలి. నేస్తున్నంతసేపూ మోకాలు కుర్చీలో కూర్చున్నట్టే వంగి ఉంటుంది కాబట్టి దానితో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా నేల మీదికి దిగడంలో, మళ్లీ లేవడంలో ఉంది.

“కూసుంటె లేవనీకి రాకపోతుండె సారూ. ఇద్దరు పట్టి లేపుతుండిరి. ఇంగ మగ్గం బందేననుకున్న” అంది పెద్దమ్మ.

ఆపరేషన్ హైదరాబాద్‌లో జరిగింది. మర్నాడే వాకర్ పట్టించి నడిపించారట. అసలు పని ఇంటికొచ్చాక మొదలైందని కోడలు చెప్పింది. గోడ మీది క్యాలెండర్ చూపించింది. ప్రతి తేదీ కింద పెన్సిలుతో మూడేసి గీతలున్నాయి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి వ్యాయామం చేసిన గుర్తులవి. పాదం పైకీ కిందికీ ఆడించడం, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి తొడ కండ బిగించి అదమడం, కాలు చాచి జానెడు ఎత్తు లేపి పట్టడం, మంచం అంచున కూర్చుని మెల్లగా వంచడం. చూడ్డానికి చిన్న పనులే. కానీ మొదటి వారాల్లో వీటిని వదిలేస్తే కీలు బిగుసుకుపోతుంది. పడుకున్నప్పుడు హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే కాలు పూర్తిగా చాపలేని స్థితి వస్తుంది.

“అత్తమ్మ ఏడుస్తుంటె నాకూ ఏడుపొచ్చేది సార్. అయినా ఇడ్సిపెట్టలే” అంది కోడలు. ఈ ఇంట్లో సగం వైద్యం చేసింది ఆమే.

ఇంటిని కూడా కాలికి తగ్గట్టు మార్చుకున్నారు. దొడ్డికి కమోడ్ కుర్చీ తెచ్చారు. పీట తీసేసి బల్ల వేశారు. గడప దగ్గర పట్టుకోను ఇనుప గొట్టం బిగించారు. మెట్లకు ఒక సూత్రం నేర్చుకున్నారు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. కొడుకు వడ్రంగిని పిలిచి మగ్గాన్నే చట్రంతో కుర్చీ ఎత్తుకు లేపించాడు.

నేను చూస్తుండగానే పెద్దమ్మ బల్ల అంచు పట్టుకుని ఎవరి సాయమూ లేకుండా కూర్చుంది. మోకాలి మీద నిలువుగా జానెడు మచ్చ. కుడిపాదం చెక్కను తొక్కింది, పడుగు విడివడింది, నాడె దూసుకుపోయింది. ఆపరేషనై నాలుగు నెలలు దాటాయి, రోజుకు రెండు గంటలు నేస్తోంది. మధ్యలో లేచి నాలుగడుగులు వేస్తుంది. కార్తీకంలో కురుమూర్తి జాతరకు పోవాలని, స్వామి ఉద్దాలను, అంటే పాదుకలను, కళ్లారా చూడాలని ఆమె కోరిక.

మనిషి ఒళ్లు పనికి లొంగాలన్న మాటే మన వృత్తుల్లో చాలాకాలం నడిచింది. చీర నేతకు ముందు దారాన్ని చేత్తో తిప్పుతూ ఆసు పోసి పోసి తల్లి భుజాలు నొప్పెడుతుంటే చూడలేక 1999లో ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం ఆ మాటను తిరగరాశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. లేపిన ఈ మగ్గం వెనకా పనిముట్టే ఒంటికి లొంగాలన్న ఆ ఆలోచనే ఉంది.

అదే 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి కీళ్ల ధరకు పరిమితి పెట్టింది. అంతకుముందు సగటున 1,58,324 రూపాయలున్న కోబాల్ట్ క్రోమియం కీలు గరిష్ఠ ధర, జీఎస్టీ కాక 54,720 రూపాయలకు దిగింది. పూర్తిగా మార్చిన మోకాలి కీళ్లలో నూటికి 82 దాకా ఇరవై అయిదేళ్లు పనిచేస్తాయని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. కీలు అందుబాటులోకి వచ్చింది, మన్నిక ఉంది. కరువైనది ఆపరేషన్ తరవాతి ఆరు వారాల తోడు. ఫిజియోథెరపీ కోసం అప్పుడే కోసిన కాలితో బస్సెక్కి పట్నం పొమ్మంటే పల్లెటూరి మనిషి ఎన్నిసార్లు పోగలడు?

అందుకే నా విన్నపం: ప్రతి మండల కేంద్రంలో వారానికొక్క రోజైనా ఫిజియోథెరపిస్టు కూర్చోవాలి. మగ్గం లేపుకోవడానికి నేతన్నకు చేయూత దొరకాలి. ఇక ఇంట్లో వాళ్లకు ఒక మాట. పిక్క వాచి నొప్పెట్టినా, జ్వరం వచ్చినా, గాయం నుంచి చీము కారినా పసర్లు, నూనెలు రాయకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటివేమీ లేకపోతే “ముసలితనం, కదలకుండా కూర్చో” అని మాత్రం అనకండి. పక్కన నిలబడి నడిపించండి.